పంపు షెడ్డులో మనిషి ఉండాలా, అక్కర్లేదా?



వేతన ఒప్పందం చర్చలు మొదలయ్యే ముందు యాజమాన్యాలు ఒక జాబితా తయారు చేసుకుంటాయి. ఏ పోస్టు తీసెయ్యొచ్చు, ఏ రెండు పనులు ఒక్కడికే అంటగట్టొచ్చు అన్నదే ఆ జాబితా. ఈసారి అందులో ముందుగా వినబడుతున్న పేరు ఫైరు పంపు ఆపరేటరు. "ఆటోమేటిక్ ప్యానెలు పెట్టాం, పంపు తనంతట తానే స్టార్టవుతుంది, కుర్చీ వేసుకుని కూర్చునే మనిషికి జీతం ఎందుకు?" అని మేనేజర్లు అడుగుతున్నారు. బాధాకరమైన సంగతి ఏమిటంటే మనవాళ్లలో కూడా కొందరు అదే మాట అంటున్నారు. "మేము ఎనిమిది గంటలు రింగు ఫ్రేముల మధ్య తిరిగి కాళ్లు వాచిపోతుంటే అతను షెడ్డులో పేపరు చదువుకుంటాడు. ఆ పోస్టు పోతే పోనీ, ఆ డబ్బు మన జీతాల్లో కలిపిస్తే మేలు కదా" అని.

దీని మీద సంఘం నిర్ణయం తీసుకునే ముందు నా అభిప్రాయం రాస్తున్నాను. ఆ పోస్టు మనం వదులుకోకూడదు. అలాగని ఇప్పుడున్నది ఉన్నట్టే సాగితే చాలని కూడా నేను అనను. మాస్తి, మాలూరు వైపు నుంచి వచ్చే చదువుకున్న కుర్రవాళ్లు "అన్నా, ఫైరు పంపు ఆపరేటరుగా చేరితే ముందుముందు ఏమన్నా ఉందా?" అని అడుగుతున్నారు. వాళ్లకు కూడా ఇందులోనే జవాబు చెబుతాను.

ఆ షెడ్డులో జరిగే పని

మనలో చాలామంది ఆ షెడ్డులో అడుగుపెట్టి ఉండరు. లోపల మామూలుగా మూడు పంపులు ఉంటాయి. చిన్నది జాకీ పంపు. హైడ్రెంటు గొట్టాల్లో, స్ప్రింక్లరు గొట్టాల్లో నీళ్లు ఎప్పుడూ ఒత్తిడితో నిండి ఉండాలి. ఎక్కడో ఒక వాల్వు కొంచెం కారుతుంది, ప్రెషరు కాస్త పడుతుంది. జాకీ పంపు స్టార్టై ఆ లోటు పూడ్చి తనే ఆగిపోతుంది. రెండోది మెయిన్ పంపు, కరెంటు మోటారుతో నడిచేది. నిమిషానికి 2,280 లీటర్లు, 2,850 లీటర్లు, ఇంకా పెద్ద మిల్లయితే 4,550 లీటర్లు తోసే పంపులు ఉంటాయి. ఎవరైనా హైడ్రెంటు తిప్పినా, మంట వేడికి స్ప్రింక్లరు గాజుబుడ్డి పగిలినా ప్రెషరు ఒక్కసారిగా పడిపోతుంది. అప్పుడు ఇది అందుకుంటుంది. మూడోది డీజిలింజను పంపు. మంటల్లో కేబుళ్లు కాలిపోయి, లేదా లైనే పోయి కరెంటు పంపు నడవకపోతే డీజిలింజను అందుకోవాలి.

మెయిన్ పంపుకు ఒక నియమం ఉంది. అది తనంతట తానే స్టార్టవుతుంది గాని తనంతట తాను ఆగదు. మనిషి వెళ్లి ఆపాలి. నిప్పు పూర్తిగా ఆరిందా లేదా అన్నది గేజీకి తెలియదు, చూసి వచ్చినవాడికే తెలుస్తుంది. ఆటోమేటిక్ ఏర్పాటులోనే మనిషికి ఒక పని ఉంచారన్న మాట. ప్యానెలు చూపించి మనిషిని తీసేస్తామనేవారు ఈ సంగతి ముందుగా తెలుసుకోవాలి.

షిఫ్టు ఎక్కగానే ఆపరేటరు గేజీలు చూడాలి. ట్యాంకులో నీటి మట్టం చూడాలి. వాల్వులు పూర్తిగా తెరిచి ఉన్నాయా, స్విచ్చి ఆటోలో ఉందా, డీజిలు, ఇంజనాయిలు, రేడియేటరు నీళ్లు, బ్యాటరీ చార్జింగు సరిగ్గా ఉన్నాయా అని ఒక్కొక్కటే చూసుకోవాలి. ట్యాంకు పంపుకన్నా దిగువన ఉంటే ఫుట్‌వాల్వు నీళ్లు వదిలేస్తోందేమో, ప్రైమింగు సరిగ్గా ఉందో లేదో చూడాలి. వారానికి ఒకసారి డీజిలింజను అరగంట నడపాలి. గ్లాండు దగ్గర నీళ్లు చుక్కచుక్కగా కారాలి. కారకూడదని గట్టిగా బిగించేస్తే ప్యాకింగు కాలి షాఫ్టు అరుగుతుంది. ధారగా కారితే ప్యాకింగు మార్చాలి. ఏడాదికి ఒకసారి పంపును పూర్తి నీళ్లతో పరీక్షించాలి. దాని లెక్క కన్నా ఒకటిన్నర రెట్లు నీళ్లు తోయించినా ప్రెషరు 65 శాతం కన్నా కిందికి పడకూడదు. జాకీ పంపు మాటిమాటికీ స్టార్టవుతోందంటే భూమిలో ఎక్కడో గొట్టం కారుతోందని అర్థం. పని తెలిసినవాడు ఆ చప్పుడును బట్టే పోల్చుకుంటాడు.

ఇదంతా చేసేవాడు షెడ్డులో పేపరు చదువుతూ కనబడితే తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. ఏదీ చెయ్యనివాడు, ఎవరూ నేర్పనివాడు కూర్చుని ఉంటే తప్పు అతణ్ణి ఊరికే కూర్చోబెట్టినవారిది.

పత్తి మిల్లుకు నిప్పు కొత్త కాదు

స్ప్రింక్లరు, ఫైరు పంపు ఏదో పెద్ద భవనాల కోసం పుట్టినవి, మనకు తర్వాత వచ్చినవి అని కొందరు అనుకుంటారు. సంగతి తలకిందులు. ఈ విద్య పెరిగింది పత్తి మిల్లుల్లోనే. అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలో జకరియా అలెన్ అనే మిల్లు యజమాని తన మిల్లులో నిప్పు నివారణకు మంచి ఏర్పాట్లు చేసి, ఇన్సూరెన్సు ప్రీమియం తగ్గించమని అడిగాడు. కంపెనీ ఒప్పుకోలేదు. దాంతో 1835లో తనలాంటి మిల్లు యజమానులను కూడగట్టి వాళ్లలో వాళ్లే ఇన్సూరెన్సు సంఘం పెట్టుకున్నారు. ఆ ప్రాంతపు నూలు మిల్లుల్లో ముందు చిల్లులు పెట్టిన గొట్టాలు కప్పు కింద బిగించారు. 1874లో హెన్రీ పార్మలీ అనే పియానో ఫ్యాక్టరీ యజమాని చేసిన స్ప్రింక్లరు, 1881లో ఫ్రెడరిక్ గ్రిన్నెల్ మెరుగుపరచిన స్ప్రింక్లరు ఆ గొట్టాల స్థానంలోకి వచ్చాయి.

యజమానులు యజమానులు కలిసి చేసుకున్న ఏర్పాటు ఇది. కార్మికుడి మీద ప్రేమతో మొదలైంది కాదు. మిషన్లు, బేళ్లు కాలిపోతే నష్టమని మొదలైంది. పోనీ, ఆ లెక్కన చూసుకున్నా పంపు దగ్గర మనిషి ఉండటం యజమానికే లాభం. మన దేశంలో 2006 చివరి దాకా ఫైరు ఇన్సూరెన్సు రేట్లు టారిఫ్ అడ్వైజరీ కమిటీ నిర్ణయించేది, పంపులు, హైడ్రెంట్లు నియమం ప్రకారం ఉంటే ప్రీమియంలో తగ్గింపు ఉండేది. 2007 జనవరి 1 నుంచి ఆ టారిఫ్ ఎత్తేశారు. రేటు ఇప్పుడు కంపెనీకీ మిల్లుకూ మధ్య బేరం. కాని ప్రమాదం జరిగాక వచ్చే సర్వేయరు మాత్రం పంపు షెడ్డు పుస్తకం అడుగుతూనే ఉన్నాడు.

బ్లోరూములో పని చేసినవారికి నేను చెప్పనక్కర్లేదు. బేలులో దాగిన చిన్న ఇనపముక్క, బేలు కట్టిన పట్టీ తుంట బీటరుకు తగిలితే ఒక రవ్వ లేస్తుంది. ఆ రవ్వ గాలి గొట్టంలో పడి ఎంత దూరం పోతుందో చూసినవారు ఎప్పటికీ మరచిపోరు. అయస్కాంతాలు, రవ్వ పట్టే యంత్రాలు పెట్టినా ఒక్కోటి తప్పించుకుంటుంది. పైన ఆరిపోయినట్టు కనిపించిన బేలు లోపల గంటల తరబడి రాజుకుంటూ ఉంటుంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాకులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలింది. అందులో పేలుడు సామగ్రితో పాటు పత్తి బేళ్లు కూడా ఎక్కించారు. నిప్పు ఆర్పడానికి వెళ్లిన ఫైరు సిబ్బంది 66 మంది ప్రాణాలు కోల్పోయారు. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా జరిపే అగ్నిమాపక వారోత్సవం వాళ్ల జ్ఞాపకంగానే మొదలైంది.

అది పాత కథ అనుకోవద్దు. మన పద్మశాలీ సోదరులు తరతరాల కిందట వలసపోయి మగ్గాలు నడిపిన షోలాపూరులో 2025 మే 18న తెల్లవారకముందే ఒక టవల్ మిల్లు తగలబడింది. లోపలే నివాసం ఉన్న యజమాని, అతని కుటుంబం, కార్మికులు కలిపి ఎనిమిది మంది చనిపోయారు. నిప్పుకు యజమాని, కూలివాడు అన్న తేడా లేదని దానితో మరోసారి తెలిసింది.

ఆటోమేటిక్ అయితే మనిషి ఎందుకు?

ప్యానెలు మంచిదే. నేను దానికి వ్యతిరేకిని కాను. రాత్రి రెండు గంటలకు మనిషికి కునుకు పట్టొచ్చు, ప్యానెలుకు పట్టదు. కాని ప్యానెలు చేసేది ఒక్కటే పని, మోటారుకు స్టార్టు ఇవ్వడం. ట్యాంకులో నీళ్లు లేకపోతే అది నీళ్లు పుట్టించలేదు. మూసిన వాల్వును అది తెరవలేదు. చచ్చిన బ్యాటరీతో ఇంజనును లేపలేదు. స్విచ్చిని ఎవరో ఆటో నుంచి మాన్యువలుకు తిప్పి వెళ్లిపోతే అది చూస్తూ ఊరుకుంటుంది.

ఈ చివరి సంగతికి ప్రపంచంలోనే పెద్ద రుజువు పైపర్ ఆల్ఫా. బ్రిటనుకు ఉత్తరాన సముద్రం మధ్యలో చమురు, గ్యాసు తీసే కట్టడం అది. 1988 జులై 6 రాత్రి అక్కడ గ్యాసు పేలి మంటలు లేచాయి. అక్కడ డీజిలు ఫైరు పంపులు ఉన్నాయి. వాటికి ఆటోమేటిక్ ఏర్పాటు కూడా ఉంది. అయితే సముద్రంలో డైవర్లు పనిచేస్తున్నప్పుడు పంపు వాళ్లను లోపలికి లాగేస్తుందేమోనన్న భయంతో స్విచ్చిని మాన్యువలులో పెట్టే అలవాటు ఉంది. డైవర్లు పంపు దగ్గరలో ఉన్నా లేకపోయినా అలాగే పెట్టేవారు. ఆ రాత్రి కూడా అలాగే ఉంది. పంపులు లేవలేదు. చేత్తో స్టార్టు చేద్దామని ఇద్దరు మంటల్లోకి వెళ్లారు, తిరిగి రాలేదు. మొత్తం 167 మంది చనిపోయారు. 1990లో వచ్చిన కల్లెన్ విచారణ నివేదికలో ఇదంతా ఉంది. అక్కడ యంత్రానికి లోటు లేదు, డబ్బుకు అసలే లోటు లేదు. పంపుల దగ్గర అన్నీ సరిగ్గా ఉన్నాయా అని చూసి, లేకపోతే గట్టిగా అడిగే బాధ్యతా అధికారమూ ఎవరి చేతుల్లోనూ స్పష్టంగా లేవు.

అంత దూరం ఎందుకు, నేను మిల్లులో పనిచేసిన రోజుల్లోనే ఒక ఫైరు డ్రిల్లు జరిగింది. సాహెబులు వరసగా నిలబడ్డారు, హోసు పరిచారు, హైడ్రెంటు తిప్పారు. కాసిని చుక్కలు రాలి ఆగిపోయాయి. ఆ లైను మీద నెలల కిందట ఏదో రిపేరు చేసి వాల్వు మూసినవాళ్లు మళ్లీ తెరవలేదు. పంపు నడుస్తూనే ఉంది, ప్యానెలులో పచ్చదీపం వెలుగుతూనే ఉంది. అది డ్రిల్లు కాబట్టి అందరూ నవ్వి ఊరుకున్నారు.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. 2012 సెప్టెంబరు 11న కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే గార్మెంట్సు ఫ్యాక్టరీ కాలి 250 మందికి పైగా కార్మికులు చనిపోయారు. కిటికీలకు ఇనపచువ్వలు, తలుపులకు తాళాలు. ఆ ఫ్యాక్టరీకి కొన్ని వారాల ముందే అంతర్జాతీయ సర్టిఫికెట్టు ఇచ్చి వెళ్లారు. గోడకు తగిలించిన సర్టిఫికెట్టు నిప్పును ఆర్పదు. గార్మెంట్సులో పనిచేసే మన అక్కచెల్లెళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

కోలారులో నీళ్ల లెక్క

మన జిల్లాలో ఇంకో ప్రమాదం ఉంది. ఏడాది పొడుగునా పారే నది మనకు లేదు. బోర్లు వెయ్యి అడుగులు దాటిపోయాయి. బెంగళూరు మురుగునీళ్లు శుద్ధి చేసి మన చెరువులకు తోసే కోరమంగల-చల్లఘట్ట పథకం 2018లో మొదలైంది. చెరువులు కొన్ని నిండినా మిల్లుకు నీళ్ల కరువు తీరలేదు. ఎండాకాలం వస్తే ట్యాంకర్లే గతి. అప్పుడు అందరి కళ్లూ ఎక్కడ పడతాయి? ఫైరు ట్యాంకు మీద. హ్యుమిడిఫికేషను ప్లాంటుకు కొంచెం, క్యాంటీనుకు కొంచెం, డైయింగులో అవసరం పడితే ఇంకొంచెం. రేపు ట్యాంకరు వస్తుంది, నింపేద్దాం అంటారు.

లెక్క వేసి చూద్దాం. నిమిషానికి 2,850 లీటర్లు తోసే పంపు గంట నడవాలంటే 1,71,000 లీటర్లు కావాలి. తోడగా తోడగా ట్యాంకులో 50,000 లీటర్లే మిగిలాయనుకోండి. పంపు పూర్తిగా లాగితే పదిహేడున్నర నిమిషాల్లో అయిపోతాయి. ఫైరింజను రోడ్డు మీద ఎంత వేగంగా వచ్చినా పల్లెటూరి పక్కన ఉన్న మిల్లుకు చేరేలోపు మనం నిలబడాల్సింది మన ట్యాంకు నీళ్లతోనే. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఇక్కడ తవ్వినా నీళ్లు పడవు కూడా.

ఫైరు ట్యాంకు నీళ్లు తోడకండి అని సూపర్‌వైజరుకు ఎదురు చెప్పగలిగేది ఎవరు? ప్యానెలు చెప్పదు. కాంట్రాక్టరు పంపిన కుర్రవాడు చెప్పలేడు, చెబితే మర్నాడు అతను ఉండడు. పర్మినెంటు ఆపరేటరు, వెనక సంఘం ఉన్నవాడు మాత్రమే చెప్పగలడు. ఈ ఒక్క కారణం చాలు ఆ పోస్టును కాంట్రాక్టుకు వదలకూడదని చెప్పడానికి.

కేజీఎఫ్ మనకు చెప్పే పాఠం

పంపు విలువ తెలియాలంటే కేజీఎఫ్ వైపు చూడండి. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతు. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు తెచ్చింది ఆ గనుల కోసమే. పైన బంగారం కనబడుతుంది గాని, కింద రాత్రింబవళ్లు నీళ్లు తోడే పంపులు లేకపోతే గని లేదు. మన తెలుగువాళ్లు, తమిళులు ఎందరో అక్కడ పనిచేసి బతికారు. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. పంపులు ఆగాయి, లోపల నీళ్లు నిండాయి. నూరేళ్లకు పైగా తవ్విన సొరంగాలు మునిగిపోయాయి. పంపు నడిచినంత కాలం ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

ఆ గనుల్లో ఇంకో సంగతి గమనించండి. మనుషులను కిందికి దింపే వైండింగు ఇంజను నడపాలంటే పరీక్ష పాసై సర్టిఫికెట్టు తెచ్చుకోవాలని గని చట్టం చెబుతుంది. మన మిల్లుల్లో బాయిలరు దగ్గర సర్టిఫికెట్టు ఉన్న అటెండెంటే ఉండాలి. కరెంటు పని చెయ్యాలంటే లైసెన్సు ఉండాలి. ఫైరు పంపు ఆపరేటరుకు మాత్రం బాయిలరు అటెండెంటుకు ఉన్నట్టు దేశమంతటికీ ఒక పరీక్ష లేదు. అందుకే ఎవరినైనా అక్కడ కూర్చోబెట్టొచ్చు, ఎవరినైనా లేపెయ్యొచ్చు అన్న ధైర్యం యాజమాన్యాలకు వచ్చింది. పనికి పరీక్ష లేకపోతే గ్రేడు ఉండదు, గ్రేడు లేకపోతే జీతం పెరగదు, జీతం పెరగకపోతే పని నేర్చినవాడు నిలవడు. అతను వెళ్లిపోయాక "చూశారా, అక్కడ ఎవరున్నా ఒకటే" అంటారు.

చట్టం ఏం చెబుతోంది

1948 ఫ్యాక్టరీల చట్టం 38వ సెక్షను నిప్పు రాకుండా, వస్తే వ్యాపించకుండా చర్యలు తీసుకోవాలని, ఆర్పే పరికరాలు పెట్టడమే కాదు, వాటిని పనిచేసే స్థితిలో ఉంచాలని, బయటపడే దారి కార్మికులందరికీ తెలిసేలా శిక్షణ ఇవ్వాలని చెప్పింది. ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020 వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి దాన్ని అమలులోకి తెచ్చారు. కరెంటుతో నడిచే చోట పది మంది ఉంటే ఫ్యాక్టరీ అనేవారు, ఇప్పుడు ఇరవై మంది ఉంటేనే ఫ్యాక్టరీ. చిన్న పవర్‌లూమ్ షెడ్లలో పనిచేసేవారికి ఇది నష్టమే. ఈ విషయంలో మన వ్యతిరేకత కొనసాగుతుంది. అయితే తన భద్రతకు సంబంధించిన సమాచారం యజమాని దగ్గర అడిగే హక్కు కార్మికుడికి ఆ కోడ్‌లో కూడా ఉంది. పంపు చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, పుస్తకం చూపించండి అని అడగడానికి ఆ హక్కు వాడుకోవాలి. అడగనివారికి చట్టం ఉన్నా లేనట్టే.

కుర్రవాళ్లకు నా జవాబు

ఇక ఈ పనికి భవిష్యత్తు ఉందా అన్న ప్రశ్న. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. పచ్చ బటను నొక్కడం, ఎర్ర బటను నొక్కడం మాత్రమే తెలిసినవాడికి భవిష్యత్తు లేదు. ఇప్పుడే పంపు స్టార్టయితే మేనేజరు ఫోనుకు మెసేజి పోయే ఏర్పాట్లు వచ్చాయి. ఒక్కొక్క మిల్లులో మనుషుల సంఖ్య పెరుగుతుందని నేను ఆశ చూపించను.

కాని పంపుల సంఖ్య పెరుగుతోంది. బెంగళూరులో ఎత్తైన ప్రతి అపార్ట్‌మెంటు కింద, ప్రతి పెద్ద ఆస్పత్రి కింద ఇదే షెడ్డు ఉంది. నరసాపుర, వేమగల్, మాలూరు పారిశ్రామిక ప్రాంతాల్లో కొత్త ఫ్యాక్టరీలన్నింటికీ ఉంది. 2010 ఫిబ్రవరి 23న బెంగళూరు కార్ల్‌టన్ టవర్స్‌లో తొమ్మిది మంది చనిపోయాక పెద్ద భవనాల వాళ్లకు ఈ భయం బాగా పట్టుకుంది. కేజీఎఫ్ నుంచి, బంగారుపేట నుంచి తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు వెళ్లే కుర్రవాళ్లకు ఈ పని దొరుకుతుంది. ఎలాంటి పని దొరుకుతుందన్నదే ప్రశ్న. ఏజెన్సీ కింద పన్నెండు గంటల డ్యూటీ, ప్లంబరు పని, లిఫ్టు పని, జెనరేటరు పని అన్నీ ఒకడికే, పి.ఎఫ్. కట్టారో లేదో తెలియదు. అలా దొరికితే అది వాచ్‌మెను ఉద్యోగానికి ఇంకో పేరు, అంతే.

అందుకని నా సలహా ఇది. ముందు ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియనో, ఫిట్టరో, డీజిలు మెకానిక్కో పూర్తి చెయ్యండి. అప్రెంటిస్‌షిప్పు సర్టిఫికెట్టు తెచ్చుకోండి. దాని మీద ఫైరు పంపు పని నేర్చుకోండి. మోటారు, స్టార్టరు, ఇంజను, వాల్వు, గేజీ అన్నీ తెలిసినవాడిని ప్యానెలు తీసెయ్యలేదు. ఆ ప్యానెలు చెడిపోయినప్పుడు పిలిచేది అతన్నే. ఆరు నెలల్లో ఫైరు డిప్లొమా, గల్ఫులో ఉద్యోగం గ్యారంటీ అని గోడల మీద రాసేవారి దగ్గర డబ్బు కట్టే ముందు నాలుగు చోట్ల విచారించండి. అగ్నిమాపక శిక్షణకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నాగపూరులో ఉంది, నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజి, 1956 నుంచి నడుస్తోంది. బెంగళూరులో మన రాష్ట్ర అగ్నిమాపక శాఖ అకాడమీ ఉంది. ప్రైవేటు వాళ్లు ఇచ్చే కాగితం ఎవరు గుర్తిస్తారో వాళ్ల నోటితో కాదు, ఉద్యోగం ఇచ్చేవాడి నోటితో వినండి.

మనం అడగాల్సినవి

చర్చల్లో మన సంఘం ఈ కోరికలు పెట్టాలని నా ప్రతిపాదన.

1. ప్రతి షిఫ్టుకూ శిక్షణ పొందిన ఒక పర్మినెంటు ఆపరేటరు ఉండాలి. వారాంతపు సెలవుకు, సిక్ లీవుకు రిలీవరు ఉండాలి. బాయిలరు, జెనరేటరు, నీటి శుద్ధి ప్లాంటు పనులు అతనికి అంటగట్టకూడదు.

2. ఆపరేటరును బాయిలరు అటెండెంటుతో, ఎలక్ట్రీషియనుతో సమానంగా స్కిల్డు గ్రేడులో చేర్చాలి.

3. వారపు పరీక్ష కార్మికుల ప్రతినిధి ఎదుట జరగాలి. పుస్తకంలో ఇద్దరి సంతకాలూ ఉండాలి. సంతకం పెట్టే మన ప్రతినిధి కళ్లతో చూడకుండా పెట్టకూడదు.

4. ఫైరు ట్యాంకుకు ఎర్ర గీత గీయాలి. నీళ్లు ఆ గీత కిందికి పోతే ఆ సంగతి సేఫ్టీ కమిటీకి అదే షిఫ్టులో తెలియజెయ్యాలి. వేరే పనులకు ఆ ట్యాంకు నుంచి గొట్టమే ఉండకూడదు.

5. ముఖ్యమైన వాల్వులకు తెరిచిన స్థితిలో గొలుసు, తాళం వెయ్యాలి. రిపేరు కోసం వాల్వు మూసినా, స్విచ్చి మాన్యువలులో పెట్టినా పేరు, టైము రాసిన పలక తగిలించాలి. పని అయ్యాక తెరిచినవారు సంతకం చెయ్యాలి.

6. ప్రతి డిపార్టుమెంటు నుంచి కొందరికి హైడ్రెంటు, హోసు వాడటం నేర్పాలి. అందులో ఆడవాళ్లు కూడా ఉండాలి.

ఇందులో కోట్లు ఖర్చయ్యేది ఒక్కటీ లేదు. ఎర్ర గీతకు ఒక డబ్బా రంగు, పుస్తకానికి నూరు రూపాయలు. మిగిలింది నలుగురి జీతం. ఆ నలుగురి జీతాన్ని మిల్లులో ఉన్న మనందరికీ పంచితే తలా ఎంత వస్తుందో పెన్సిలు తీసుకుని లెక్క వేసుకోండి. పోస్టు పోతే పోనీ అంటున్న సోదరులు ఆ అంకె చూశాక మళ్లీ నాతో మాట్లాడాలి.

వచ్చే జనరల్ బాడీలో ఈ విషయం చర్చకు వస్తుంది. పంపు ఆపరేటర్లు తప్పక రావాలి, తమ పని గురించి తామే చెప్పాలి. మిగిలినవారు దానికి ముందు ఒక్కసారి ఆ షెడ్డుకు వెళ్లి చూసి రండి. గేజీలో ముల్లు ఎక్కడుందో, ట్యాంకులో నీళ్లెంత ఉన్నాయో చూడండి. ఆ తర్వాత ఓటు వెయ్యండి.

మీ
కార్యదర్శి